నక్షత్రం లేని మాట

బుధవారం సాయంత్రం ఐదూ ఇరవైకి ఉపగ్రహం పడమర లేస్తుంది, ఐదున్నరకల్లా తూర్పున దిగిపోతుంది. ఆ పది నిమిషాల కోసం అద్దాలమ్మ చేతిలో ఉన్న లెన్సు అంచు సగం అరగదీసి అలాగే వదిలేసింది. తల పగిలిపోతోందని యజమానితో అబద్ధమాడి, అడ్డదారిన సందులన్నీ పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. మూడంతస్తుల మెట్లూ ఎక్కి మేడమీదికి వచ్చేసరికి ఊపిరి ఎగదన్నుతోంది. కళ్లద్దాల షాపులో పని చేస్తుంది కనక ఆవిడకి ఆ పేరు. షాపులో పుట్టిన పేరే రేడియో క్లబ్బు దాకా పాకింది, అసలు పేరు లైసెన్సు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

అత్తగారు అప్పటికే మేడమీద ఉంది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, నొప్పిపెట్టే మోకాలు చాపుకుని, పడమర వైపే చూస్తోంది.

"ఆలస్యం చేశావేం అమ్మాయ్? తిరుగుబోతు లేచే వేళయింది."

తిరుగుబోతంటే ఉపగ్రహం. గంటన్నరకోసారి లోకమంతా చుట్టి వచ్చేవాడిని ఇంకేమని పిలవాలి అని ఆవిడ వాదన. ఆ తిరుగుబోతు చేసే ఉపకారం మాత్రం ఇంతా అంతా కాదు. కింద ఎవరైనా రేడియోలో ఒక పొట్టి మాట పంపితే దాన్ని పైన విని, ఆ మాటనే మళ్లీ భూమ్మీదికి వదులుతాడు. నడిసముద్రంలో ఉన్నవాడి మాట ఇలా ఇంటి మేడమీద వచ్చి పడుతుంది. క్లబ్బు వాళ్లు దాన్ని ప్యాకెట్ అంటారు. అరవై ఏడు అక్షరాలు దాటితే పట్టదు. అద్దాలమ్మ మొగుడు సముద్రం లోతు కొలిచే పడవలో ఇంజను చూసుకుంటాడు. తీరం కనుమరుగైతే ఫోను మూగబోతుంది. అందుకని రోజూ సాయంత్రం ఒక ప్యాకెట్, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. కోడలు చదివి వినిపిస్తే, అత్తగారు కిందికి వెళ్లి, వంటింటి గోడకున్న క్యాలెండరులో ఆ రోజు గడిలో చీమల్లాంటి అక్షరాలతో రాసుకుంటుంది.

ఆదివారం గడిలో "గాలి పెరుగుతోంది. ఇంజను బాగుంది. అమ్మ మోకాలెలా ఉంది?" అని ఉంది. సోమవారం గడి ఖాళీ. మంగళవారం ఖాళీ.

అద్దాలమ్మ రేడియో సెట్టు నడుముకి తగిలించుకుని, యాంటెన్నా చేతిలోకి తీసుకుంది. చెక్క కర్రకి అడ్డంగా అల్యూమినియం పుల్లలు బిగించి మొగుడే చేసిచ్చాడు. ఉపగ్రహం ఉండవలసిన చోటుకి దాన్ని గురిపెట్టి, మణికట్టు మెల్లగా తిప్పుతూ నిలబడింది. సెట్టు ఒక్కసారి గర్రుమంది. ఐదు సెకన్లు ఆగి మళ్లీ గర్రుమంది. ఆ తర్వాతా అంతే. చిన్న తెర మీద మాత్రం ఒక్క అక్షరం లేదు.

"ఏమన్నాడు?"

"ఏమీ లేదత్తయ్యా. ఎవడో అడ్డంగా కూర్చున్నాడు. సందివ్వకుండా వాగుతున్నాడు. మొన్నట్నుంచీ ఇదే వరస."

"వాడి నోట మన్ను పడ! నా కొడుకు మాట రావాల్సిన వేళకే దొరికిందా వాడికి?"

పది నిమిషాలూ అలాగే గడిచిపోయాయి. యాంటెన్నా మోసిన చెయ్యి లాగేస్తోంది. తూర్పున ట్యాంకుల వెనక్కి తిరుగుబోతు దిగిపోయాడని గడియారం చెప్పింది. పడవ ఆఫీసుకి ఫోను చేస్తే అవతలి గుమాస్తా పొద్దున చెప్పిన ముక్కే మళ్లీ చెప్పాడు. పడవ నుంచి రిపోర్టు సోమవారంగానీ రాదట, గాలి సంగతి వాళ్లకీ తెలీదట, కంగారు పడొద్దట. కంగారు పడొద్దనే మాట విన్నాక ఎవరికి కంగారు తగ్గింది గనక!

అత్తగారు మెట్లు దిగింది. వంటింట్లోకి వెళ్లి పెన్సిలు చేత్తో పట్టుకుని, క్యాలెండరు ముందు కాసేపు నిలబడి, పెన్సిలు మళ్లీ డబ్బాలో పడేసింది.

గురువారం పొద్దున షాపు తెరిచిన పావుగంటకి క్లబ్బు ప్రెసిడెంటు వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు. గీత గీసినట్టుండే మనిషి. గాల్లో మాట్లాడేవాడు ఎలా మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడాలి, అవతలివాడికి ఎప్పుడు సందివ్వాలి అని పన్నెండు పేజీల నియమావళి రాసి, క్లబ్బులో అందరి చేతా సంతకాలు పెట్టించినవాడు. కళ్లజోడు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ముక్కు మీంచి జారిపోతోందమ్మా. కాస్త బిగించు."

అద్దాలమ్మ సన్న స్క్రూడ్రైవరు తీసి, చెవి కొమ్మల దగ్గరి స్క్రూలు బిగించింది. ముక్కు మీద ఆనే మెత్తల్ని వేళ్లతో కొంచెం లోపలికి వంచి, ఫ్రేమును బల్ల మీద పెట్టి వంకర చూసింది. ఆ పనిలో ఉండగానే ఆయన చంకలోంచి నాలుగు కాగితాలు తీసి ఫ్రేము పక్కన పరిచాడు.

"ఇదేమిటో చెప్పు."

ఆవిడ వంగి చూసింది. పైనుంచి కిందిదాకా ఒకే కాల్‌సైన్, రేడియోలో పేరుకి బదులు లైసెన్సు మీద ఇచ్చే అక్షరాలూ అంకెలూ. తనది. ఐదేసి సెకన్ల తేడాతో, వరసకి వరస, నాలుగు కాగితాల నిండా తన కాల్‌సైనే.

"సోమవారం నుంచి నా సెట్టు నమోదు చేసినదాంట్లో అక్కడక్కడ మచ్చుకి తీసుకొచ్చానమ్మా! ఐదు సెకన్లకోసారి! ఆకాశమంతా మీ తాతగారి సొత్తనుకున్నావా? నేను పంపిన మాట ఒక్కటంటే ఒక్కటి బయటికి పోలేదు. క్లబ్బులో తతిమ్మావాళ్లదీ అదే ఏడుపు."

గొంతు షాపంతా వినిపించేలా ఉంది. కళ్లు పరీక్ష చేయించుకోవడానికి బెంచీ మీద కూర్చున్న ముగ్గురు మనుషులు తలలిటు తిప్పారు. యజమాని లోపలి గదిలోంచి తొంగిచూశాడు.

"నేను పంపలేదండీ," అంది అద్దాలమ్మ. "నేను పొద్దునోసారి, సాయంత్రమోసారి వినడానికే సెట్టు పెడతాను."

"మరి కాగితం అబద్ధమాడుతోందా? పేరు ఎవరిది ఇది?"

"పేరు నాదే."

"అంతే! ఆదివారం మీటింగులో క్షమాపణ కాగితం చదువు. అప్పటిదాకా నీ సెట్టు నోరు మూసుకుని కూర్చోవాలి. లేదంటే లైసెన్సు ఆఫీసుకి నేనే రాస్తాను, ఆ తర్వాత నన్నని లాభం లేదు."

అద్దాలమ్మ మొగుడి సంగతి చెబుదామనుకుంది. చెబితే సాకు చెబుతోందనుకుంటాడు. కళ్లజోడు మెత్తటి గుడ్డతో తుడిచి చేతికిచ్చింది. ఆయన పెట్టుకుని, కాగితం చాచిన చేతి చివర పట్టుకుని, కళ్లు చికిలించి చూశాడు. ఇంత లావు అక్షరాలకి అంత దూరమా అని ఆవిడకి తోచింది. వృత్తి బుద్ధి ఊరుకోనివ్వలేదు.

"మీకు దగ్గరి చూపు పవరు మారిందండీ. ఆర్నెల్ల కిందటే చెప్పాను."

"మాట తప్పించకు! నా చూపుకేం ఢోకా లేదు," అని ఆయన విసురుగా వెళ్లిపోయాడు. కాగితాలు కౌంటరు మీదే మిగిలిపోయాయి. మధ్యాహ్నం దాకా అద్దాలమ్మ ఎవరి మొహమూ చూడలేదు. అరగదీసే చక్రం ముందు కూర్చుని, నీళ్లు చిమ్ముతుంటే లెన్సు తరవాత లెన్సు అరగదీస్తూ ఉండిపోయింది. ఒళ్లంతా మండిపోతోంది. బెంచీ మీద కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు కూడా దొంగలా నిలబెట్టాడే అని ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం మేడమీద ఆవిడ మొట్టమొదట చేసిన పని సెట్టులో పంపే వీలు పూర్తిగా కట్టెయ్యడం. ఇప్పుడది వింటుందేగానీ ఒక్క చప్పుడు బయటికి పంపలేదు. రేపు ఎవరడిగినా దేవుడి సాక్షిగా చెప్పొచ్చు. ఐదూ పదికి ఉపగ్రహం లేచింది. యాంటెన్నా అటు తిప్పగానే గర్రుమంది. ఐదు సెకన్లు. మళ్లీ గర్రు.

అద్దాలమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నా నోరు కట్టేసుకున్నాను కదా, మరి అరుస్తున్నదెవరు? మూడు రోజులుగా తెర మీద ఏమీ ఎందుకు కనిపించలేదో అప్పుడు తట్టింది. తన సొంత కాల్‌సైన్‌తో వచ్చే మాటల్ని సెట్టు చూపించదు. మన మాటే తిరిగొచ్చిందిలే అని వదిలేస్తుంది. ఆ ఏర్పాటు తీసేసింది. అంతే, చిన్న తెర మీద వరసలు దొర్లడం మొదలుపెట్టాయి. తన కాల్‌సైన్. తన కాల్‌సైన్. తన కాల్‌సైన్.

"అత్తయ్యా! ఎవరో నా పేరు పెట్టుకుని అరుస్తున్నారు!"

"నీ పేరా? వాళ్లకి సొంత పేరు లేదా?"

ఇంకో సంగతి గుర్తొచ్చి అద్దాలమ్మ నిలువునా నీరైపోయింది. పడవలో మొగుడి సెట్టు సర్దింది తనే. గాల్లో ఎవరైనా మాట్లాడుతుంటే మనం ఆగాలి, ఖాళీ దొరికాకే పంపాలి అని దానికి మర్యాద నేర్పి మరీ పంపింది. ఈ వాగుడుకాయ ఒకసారి అరుస్తుంది, ఆ అరుపుని ఉపగ్రహం మళ్లీ అరుస్తుంది, అది అయ్యేసరికి ఇంకో అరుపు సిద్ధం. మర్యాదస్తుడి సెట్టుకి నోరు తెరిచే సందెక్కడ? పాపం, పది నిమిషాలూ కాచుకుని కూర్చుని, ఉపగ్రహం దిగిపోగానే ఊరుకుంటుంది. లేకపోతే అక్కడ గాలికి పడవకే ఏదైనా అయిందేమో. ఈ రెండిట్లో ఏది నిజమో తెలుసుకునే దారి లేదు. మేడమీద పిట్టగోడకానుకుని ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు బకెట్టు మీంచి లేచొచ్చి వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడుపు తర్వాత. ముందు ఆ అరిచేవాడెవడో చూడు," అంది.

శుక్రవారం భోజనాల వేళ షాపు వెనక గదిలో, లెన్సుల మీద గీతలు వెతికే భూతద్దం తీసుకుని, ఆవిడ ఆ నాలుగు కాగితాలూ ముందేసుకుంది. ఉపగ్రహం అందించిన మాటైతే వరసలో ఉపగ్రహం పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు పడుతుంది. నేరుగా వచ్చిన మాటకి నక్షత్రం ఉండదు. చూడగా చూడగా ఉపగ్రహం పైనున్న వేళల్లో వరసలు జంటలుగా ఉన్నాయి. నక్షత్రం లేనిదొకటి, వెంటనే నక్షత్రం ఉన్నదొకటి. తక్కిన వేళల్లో నక్షత్రం లేనివే. పదకొండూ ఐదుకి ఏముంది పైన? ఏమీ లేదు. అయినా వరస ఉంది. పన్నెండున్నరకి ఉంది, ఒంటిగంటకి ఉంది.

సంచిలోంచి సెట్టు తీసి, వెనక మెట్ల మీదికి వెళ్లి పెట్టింది. సాయంత్రం దాకా ఏ ఉపగ్రహమూ రాదు. సెట్టు మాత్రం సన్నగా గర్రుమంది.

అయితే ఈ అరుపు ఆకాశంలోంచి రావడం లేదు. ఊళ్లోంచే. పైగా ప్రెసిడెంటు గారి సెట్టుకి నేరుగా వినబడుతోందంటే ఆయనుండే వైపు నుంచే. ఆయన ఇంటి పక్కన ఎవరో దొంగతనంగా మొదలుపెట్టారు కాబోలు అనుకుంది అద్దాలమ్మ. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆవిడకి ఆకలేసింది.

శనివారం పొద్దున ఏడున్నరకి అత్తాకోడళ్లిద్దరూ వీధిన పడ్డారు. ఎనిమిదీ యాభై రెండుకి ఉపగ్రహం లేస్తుంది. ఆలోగా వాగుడుకాయని పట్టుకుని నోరు మూయించగలిగితే ఈ పూటే మొగుడి మాట వింటుంది. లేకపోతే ఇంకో రోజు. మోకాలి నొప్పితో మీరెందుకు అని కోడలంటే, "నువ్వు ఆ పుల్లలు పట్టుకుని ఒంటరిగా తిరిగితే పిచ్చిదనుకుంటారు. పక్కన పెద్దదాన్నుంటే పనిమీద వచ్చాం అనుకుంటారు," అని అత్తగారు గొడుగు తీసింది. కోడలి చేతిలో యాంటెన్నా, అత్తగారి సంచిలో మూతున్న స్టీలు డబ్బా. డబ్బా ఎందుకో ఆవిడకి తెలీదు, కోడలు తెమ్మంది గనక తెచ్చింది.

ప్రతి మలుపులోనూ అద్దాలమ్మ ఆగి, ఒక చుట్టు తిరిగేది. అరుపు ఎటు గట్టిగా వినబడితే అటు. టైర్ల షాపు దాటారు, మందుల షాపు దాటారు, బడి గోడ వెంట నడిచారు. బాల్కనీలో బట్టలారేస్తున్న ఒకావిడ, "టీవీ రావడం లేదామ్మా?" అని జాలిగా అడిగింది. "టీవీ కాదు తల్లీ, దొంగ," అని అత్తగారు జవాబిచ్చింది. ఆవిడ గబుక్కున లోపలికెళ్లి తలుపేసుకుంది.

రెండు వీధులు దాటేసరికి ఎటు తిప్పినా ఒకేలా చెవులు చిల్లులుపడేలా అరుస్తోంది. దగ్గరికొస్తే వచ్చే చిక్కు ఇదే. అద్దాలమ్మ యాంటెన్నా ఊడదీసి అత్తగారి చంకన పెట్టింది. ఉత్త సెట్టుతోనే వినబడింది. ఇంకో పాతిక అడుగులు వేశాక సెట్టుని స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసింది. ఇనప గోడల్ని దాటి లోపలికి వెళ్లడం రేడియోకి కష్టం. మామూలు దూరానైతే ఈపాటికి చప్పుడు చచ్చిపోవాలి. డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో ఇంటి గేటు ముందూ ఆగుతూ పోయింది. నీలం గేటు ముందు ఏమీ లేదు. పక్క గేటు దగ్గర సన్నగా ఏదో. ఆ పక్క గేటు దగ్గర, మూసిన డబ్బాలోంచి, స్పష్టంగా గర్రుమంది.

ఆవిడ తలెత్తి చూసింది. మేడమీద మూడు యాంటెన్నాలు. గేటు మీద రేడియో క్లబ్బు ముద్ర.

"ఇది ఎవరిల్లు?" అంది అత్తగారు.

"ప్రెసిడెంటు గారిది."

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ!"

ప్రెసిడెంటు వరండాలో కూర్చుని పేపరు చాచిన చేతుల చివర పట్టుకుని చదువుతున్నాడు. వీళ్లని చూసి మడిచి పక్కన పెట్టాడు.

"క్షమాపణ కాగితం తెచ్చావా? ఆదివారం తెమ్మన్నానే. సరే, మంచిదే. కూర్చోండమ్మా," అని అత్తగారికి కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోగానే ఒడిలోని సంచిలో స్టీలు డబ్బా గర్రుమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"మీ సెట్టు ఒక్కసారి చూడాలండీ," అంది అద్దాలమ్మ.

ఆయన మొహం వికసించింది. కొత్త సెట్టు చూపించమంటే రేడియో మనిషి కాదనడు. నెల కిందట కొన్నాడు, సర్దిపెట్టింది అద్దాలమ్మే. ముందు పరీక్ష కోసం తన సొంత కాల్‌సైన్ వేసి, ఆగకుండా ఐదు సెకన్లకోసారి పంపేలా పెట్టి చూసి, అంతా బాగుందనుకున్నాక ఆయన కాల్‌సైన్ వేసి, నెమ్మదిగా వినేలా మార్చి ఇచ్చి వచ్చింది. అలా మార్చినట్టు ఆవిడకి బాగా గుర్తుంది.

లోపలి గదిలో బల్ల మీద సెట్టు మెరుస్తోంది. ఎర్రదీపం టక్కున వెలిగి ఆరింది. ఐదు సెకన్లాగి మళ్లీ వెలిగింది.

"చూశావా ఎంత చురుగ్గా వింటోందో! నీ గోల ఒక్కటీ వదల్లేదు," అన్నాడాయన.

"ఎర్రదీపం వినేటప్పుడు వెలగదండీ. పంపేటప్పుడు వెలుగుతుంది. వినేటప్పుడు ఆకుపచ్చది."

"ఆఁ?"

"సోమవారం ఏమైనా మార్చారా దీన్ని?"

"మార్చడానికేముంది? కరెంటు పోయి వచ్చింది. తెర మీద ఏదో అడిగింది. పాత సెట్టింగులు కావాలా అనో ఏదో ఉంది. పాతవే మంచివి కదాని సరే అన్నాను."

అద్దాలమ్మకి అప్పుడు అర్థమైంది. పరీక్ష నాటి సెట్టింగుల్ని ఆ సెట్టులోంచి తుడిచెయ్యడం తను మర్చిపోయింది. ఆయన వాటిని లేపి కూర్చోబెట్టాడు.

"తెర మీద పైవరసలో ఏముందో చదవండి," అంది.

"నా కాల్‌సైనే. అందులో చదవడానికేముంది?"

"చదవండి, పరవాలేదు."

ఆయన వంగాడు. దగ్గరికి జరిగాడు, దూరం జరిగాడు. కళ్లజోడు ముక్కు మీద పైకి తోశాడు, కిందికి దించాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఈలోపు అత్తగారు గొడుగు గోడకానించి, కుంటుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ కోడలి లైసెన్సు ఫ్రేము కట్టించి వంటింట్లో క్యాలెండరు పక్కన వేలాడదీసింది ఆవిడే. ఆరేళ్లుగా పొద్దున లేస్తే దాన్నే చూస్తోంది.

"ఇది మా కోడలిది కదండీ," అంది. "మీ ఇంట్లో ఏం చేస్తోంది?"

ప్రెసిడెంటు కుర్చీలో కూలబడ్డాడు. పన్నెండు పేజీల నియమావళి గోడ మీద పటం కట్టి ఉంది. ఆయన దాని వంక చూశాడు, మళ్లీ సెట్టు వంక చూశాడు, లేచి వైరు పట్టుకుని ప్లగ్గు ఊడబెరికాడు. దీపం ఆరిపోయింది. అత్తగారి సంచిలో స్టీలు డబ్బా మూగబోయింది.

"ఎంతమందిని..." అన్నాడాయన. "షాపులో అందరి ముందూ అన్నాను కదమ్మా నిన్ను."

"అన్నారండీ," అంది అద్దాలమ్మ. పరవాలేదు అనలేదు. "పరీక్ష సెట్టింగులు తుడవకుండా వదిలేసిన తప్పు నాది. ఆ ముక్క నేనే చెబుతాను. ఇప్పుడు టైమెంతయింది?"

ఎనిమిదీ నలభై ఐదు.

ఇంటికి వెళ్లే వ్యవధి లేదు. ప్రెసిడెంటే ముందు నడిచి మేడ తలుపు తీశాడు. అత్తగారిని మెట్లెక్కడానికి చెయ్యి పట్టి తీసుకొచ్చాడు, ఎండ తగలకుండా ఆవిడ నెత్తిన గొడుగు తనే పట్టాడు. అద్దాలమ్మ డబ్బాలోంచి సెట్టు తీసి, యాంటెన్నా బిగించి, పడమర వైపు గురిపెట్టింది. ఎనిమిదీ యాభై రెండు. నిశ్శబ్దం. ఐదు సెకన్లు, పది సెకన్లు, ఇరవై. సోమవారం నుంచి ఇంత నిశ్శబ్దం వినలేదు. ఎక్కడో ఎవరో ఒకరి పొట్టి మాట గర్రుమని వచ్చింది, తెర మీద తెలియని పేరు. ఇంకొకటి వచ్చింది, అదీ తెలియనిదే. వినబడనిది గోల వల్ల కాకపోతే? ఎనిమిదీ యాభై ఏడు. యాంటెన్నా రెండో చేతికి మార్చుకుంది.

సెట్టు గర్రుమంది. తర్వాత సన్నగా రెండు సార్లు కూసింది. తన పేరిట మాట వస్తేనే అది అలా కూస్తుంది.

"ఏమన్నాడు? ఏమన్నాడే?" అంది అత్తగారు, గొడుగు తోసేసి.

అద్దాలమ్మకి కళ్లనిండా నీళ్లు. అక్షరాలు అలికినట్టున్నాయి. కొంగుతో తుడుచుకుని చదివింది.

"'ఐదు రోజులుగా నీ పిలుపే వింటున్నా. జవాబుకి సందు లేదు. అమ్మకేమైంది?'"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అద్దాలమ్మకే ముందు అర్థమైంది. ఇక్కడ తను క్యాలెండరు గడులు చూసుకుని గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నట్టే, అక్కడ ఆ మనిషి పైనుంచి ఐదు సెకన్లకోసారి పెళ్లాం పేరు విని, ఇంట్లో ఏదో కొంప మునిగితేగాని ఇలా పిలవదు అనుకుని కుమిలిపోయాడు. పిలుస్తూనే ఉంది, పలకలేకపోతున్నాడు.

"నాకేమవుతుందీ! గుండ్రాయిలా ఉన్నానని చెప్పు! వెర్రి వెధవ! ఐదు రోజులు నా చావు గురించే ఆలోచించాడా!" అంటూ అత్తగారు నవ్వుతూనే ఏడుపందుకుంది.

అద్దాలమ్మ సెట్టు మీద వేలు పెట్టి ఆగింది. ఆదివారం దాకా సెట్టు నోరు మూయమని షాపులో ఆయనే హుకుం వేశాడు. అది చూసి ప్రెసిడెంటు గావుకేక పెట్టాడు.

"ఇంకా చూస్తావేమమ్మా! పంపు, పంపు! మూడు నిమిషాలే ఉంది!"

ఆవిడ పంపే వీలు మళ్లీ తెరిచి, ఒక్కో అక్షరమే నొక్కింది. "పిలిచింది నేను కాదు. అమ్మ పక్కనే ఉంది. అందరం క్షేమం." "మోకాలు తగ్గిందని రాయి," అంది అత్తగారు. తగ్గలేదు, అయినా రాసింది. పంపింది. ఉపగ్రహం ఆ మాటని అందుకుని తిరిగి వదిలింది. తెర మీద తన కాల్‌సైన్ పక్కన చిన్న నక్షత్రం పడింది. ఈసారి ఆ మాట నిజంగా తనదే.

తిరుగుబోతు తూర్పు దిక్కుకి వాలిపోతుండగా సెట్టు ఆఖరిసారి కూసింది.

"హమ్మయ్య. గాలి తగ్గింది. ఇంక నిద్రపోతా."

ముగ్గురూ మేడమీద చతికిలబడ్డారు. చాలాసేపు ఎవరూ లేవలేదు. పక్కింటి మేడమీద ఎవరో పరుపులు దులుపుతున్నారు, ఆ చప్పుడు కూడా హాయిగానే ఉంది.

ఆదివారం మీటింగులో ప్రెసిడెంటు లేచి నిలబడి, జేబులోంచి కాగితం తీశాడు. క్షమాపణ తనే రాసుకొచ్చాడు, రెండు పేజీలు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. చివరికి మెల్లగా ముందు వరసలోకొచ్చి కాగితం అద్దాలమ్మ చేతికిచ్చాడు.

"నా రాత నాకే ఆనడం లేదమ్మా. నువ్వే చదివిపెట్టు."

తనకి చెప్పాల్సిన క్షమాపణ తనే అందరికీ చదివి వినిపించింది అద్దాలమ్మ. మధ్యలో రెండుసార్లు నవ్వాపుకోలేకపోయింది, ఆయన కూడా నవ్వేశాడు. చివర్న, పరీక్ష సెట్టింగులు తుడవని తన తప్పు కూడా ఒక వాక్యం కలిపి చెప్పింది. సోమవారం పొద్దున షాపు తెరవకముందే ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. దగ్గరి చూపు పవరు రెండు మెట్లు పెరిగింది. కొత్త లెన్సు అంచుని ఆవిడే అరగదీసి, ఫ్రేములో బిగించి, ఆయన ముక్కు మీద పెట్టి, యజమాని విజిటింగు కార్డు చేతికిచ్చింది. ఆయన కింద ఉన్న చీమంత అక్షరాలు గడగడా చదివి, బెంచీ మీద ఉన్నవాళ్లందరికీ వినబడేలా, "ఈ అమ్మాయి ఆర్నెల్ల కిందటే చెప్పింది, నేనే వినలేదు," అన్నాడు.

ఆ సాయంత్రం మొగుడి మాట వేళకే వచ్చింది. పడవలో పంపు బాగుచేశాడట, చెయ్యి మసయిందట. ఇంతే. అద్దాలమ్మ కిందికి దిగేసరికి అత్తగారు పెన్సిలు పట్టుకుని క్యాలెండరు ముందు నిలబడి ఉంది. శనివారం, ఆదివారం గడులు ఎప్పుడో నిండిపోయాయి. ఇప్పుడావిడ గడిచిన వారంలోని ఐదు ఖాళీ గడుల మీద వంగి ఉంది. పక్కన గోడకున్న లైసెన్సుని ఒకసారి చూడటం, ఒక అక్షరం గీయడం, మళ్లీ చూడటం.

"అవి ఖాళీ రోజులత్తయ్యా. ఏ మాటా రాలేదుగా," అంది అద్దాలమ్మ.

"మనకి రాలేదు. వాడికి వచ్చింది కదా," అంది ఆవిడ, తలతిప్పకుండానే. "ఐదు రోజులూ నీ పేరు వింటూనే ఉన్నాడు పిల్లాడు. ఖాళీ ఎలా అవుతుంది?"

సోమవారం నుంచి శుక్రవారం దాకా, వంకరటింకర ఇంగ్లీషు అక్షరాల్లో, కోడలి కాల్‌సైన్ ఐదుసార్లు రాసి, ఆవిడ పెన్సిలు డబ్బాలో పెట్టింది.